లెక్కల్లో వృద్ధి, గల్లాపెట్టెలో వెలితి

ప్రశ్న: కోదాడలో కిరాణా దుకాణం నడుపుతున్నాను. దేశం 7, 8 శాతం పెరుగుతోందని పేపర్లు రాస్తున్నాయి. నా గల్లాపెట్టెలో ఆ జాడే లేదు. ఈ లెక్కలు నమ్మొచ్చా?

జవాబు: కొంతవరకే నమ్మండి. పెద్ద కంపెనీలు ఏటా లెక్కలు దాఖలు చేస్తాయి. మీ దుకాణం, సూర్యాపేట హైవే పక్కన మెకానిక్ షెడ్డు చేయవు. 2015లో వచ్చిన జీడీపీ సిరీస్‌లో ఇలాంటి చిన్న వ్యాపారాలను పాత సర్వేతో అంచనా కట్టి, తర్వాతి ఏళ్లకు చాలావరకు కంపెనీల పోకడనే వీటికీ అంటగట్టారు. అందుకే నోట్ల రద్దు జరిగిన 2016-17లో చిల్లర వ్యాపారం కుదేలైనా, సవరించిన వృద్ధి 8 శాతం దాటింది!

ఆ సిరీస్‌లో ధరల మార్పును తీసేసి అసలు ఉత్పత్తిని లెక్కగట్టే సర్దుబాటు ఇంకో చిక్కు. మిర్యాలగూడ రైస్‌మిల్లునే తీసుకోండి. వడ్లు చవకై, బియ్యం ధర అలాగే ఉంటే మిల్లుకు మిగులు పెరుగుతుంది. ఆడించిన బస్తాలు మాత్రం అవే. వడ్లకూ బియ్యానికీ వేర్వేరు ధరల సూచీలు వాడకుండా ఒక్కదానితోనే సర్దితే, ఉత్పత్తే పెరిగినట్టు కనిపిస్తుంది.

2011-12 నుంచి 2016-17 దాకా వృద్ధి 7 కాదు, సుమారు 4.5 శాతమేనని మాజీ ముఖ్య ఆర్థిక సలహాదారు అరవింద్ సుబ్రమణియన్ 2019లో అన్నారు. ప్రధాని ఆర్థిక సలహా మండలి దాన్ని ఖండించింది. ఆయన మరీ ఎక్కువ కోసేశారనే నా అభిప్రాయం. అనుమానం మాత్రం న్యాయమైనదే. 2025లో అంతర్జాతీయ ద్రవ్యనిధి (ఐఎంఎఫ్) కూడా మన జాతీయ ఖాతాలకు ‘సి’ గ్రేడే ఇచ్చింది. ఎవరో కూర్చుని అంకెలు వండారని దీనర్థం కాదు, 2015 నాటి కొలబద్ద పాతబడింది.

మీరు సరుకు అరువిచ్చే ముందు జీడీపీ చూడకండి. వడ్ల డబ్బు రైతుల ఖాతాల్లో పడిందో లేదో కనుక్కోండి.