కావలి ప్రోగ్రాము: పాత పేరు, క్రొత్త పని

కంప్యూటరునకు హాని చేయుటకై దుర్మార్గులు వ్రాసి వదలు ప్రోగ్రాములను వైరసులందురు. వానిని కనిపెట్టి అడ్డగించు ప్రోగ్రామునకు యాంటీవైరస్ అని పేరు. ఊరికి తలారి యెట్టివాడో కంప్యూటరునకు ఇది అట్టిది. ఒకనాడు మంచిపేరు పొందిన తలారిని ఎల్లకాలము పరీక్షింపక నమ్మవచ్చునా? ఏ.వి.జి. అను యాంటీవైరస్ చరిత్రము ఈ ప్రశ్నకు మంచి పాఠము.

ఏ.వి.జి.ని తయారుచేసిన గ్రిసాఫ్ట్ సంస్థ 1991లో నాటి చెకొస్లొవేకియాలోని బ్ర్నో నగరమున స్థాపింపబడెను. ఇండ్లలో వాడుకొనువారికి ఉచితముగా నిచ్చుటచేత ఈ ప్రోగ్రాము అనేక దేశములలో వ్యాపించెను. దాని 7.5వ కూర్పు పాత యంత్రములపై సైతము అధిక భారము మోపక తన పని తాను చేయునని మెప్పు గాంచెను.

2008లో 8వ కూర్పు వెలువడెను. అందు లింక్ స్కానర్ అను క్రొత్త భాగము చేర్చబడెను. మనము ఇంటర్నెట్టులో ఏదైన వెదకినప్పుడు కనబడు పుటలను, మనము తెరువక మునుపే, అది తెరచి పరీక్షించుచుండెను. ఉద్దేశము మంచిదే. కాని ఆ పుటల యజమానులకు, రాని సందర్శకులు వచ్చినట్లు లెక్కలు తారుమారయ్యెను. ఫిర్యాదులు పెరుగగా సంస్థ ఆ యేడే పద్ధతిని మార్చుకొనెను.

అదే సంవత్సరము నవంబరులో మరియొక కీడు కలిగెను. విండోస్ ఎక్స్.పి. నడచుటకు అత్యవసరమగు యూజర్32 అను ఫైలును, తప్పుగా తయారైన ఒక అప్‌డేటు కారణముగా, ఏ.వి.జి. వైరసని చెప్పెను. ఆ మాట నమ్మి ఫైలును తొలగించినవారి కంప్యూటరులు మరల తెరచుకొనలేదు. దొంగను పట్టవలసిన తలారి యింటి యజమానునే కట్టివేసినట్లాయెను. పిదప 2015లో, వాడుకరులు చూచిన పుటల వివరములను, పేర్లు తొలగించి, ధనార్జనకు వాడవచ్చునని సంస్థ తన నియమములలో వ్రాయగా పలువురు ఆక్షేపించిరి. 2016లో ఆవాస్ట్ సంస్థ ఏ.వి.జి.ని కొనెను.

ఇట్లగుటకు కారణములేవి? ఉచితముగా నిచ్చు సంస్థ తన వ్యయమును వేరొక మార్గమున రాబట్టుకొనవలెను. పోటీలో నిలుచుటకై క్రొత్త భాగములను చేర్చవలెను. చేర్చిన ప్రతిభాగము యంత్రమునకు బరువు. క్రొత్త తప్పులకు చోటు.

అయినను, "పాతదే మేలు" అని పాత కూర్పును పట్టుకొని కూర్చుండుట అపాయకరము. అప్‌డేట్లు నిలిచిపోయిన యాంటీవైరస్ నేటి వైరసుల నన్నిటిని గుర్తింపజాలదు. చేయవలసినది పరీక్ష. జర్మనీలోని ఏ.వి. టెస్ట్, ఆస్ట్రియాలోని ఏ.వి. కంపారటివ్స్ అను సంస్థలు ఈ ప్రోగ్రాములను పరీక్షించి ఫలితములను ప్రకటించుచుండును. వానియందు మూడు సంగతులు చూడవలెను: వైరసులను ఎంతవరకు ఆపినది, యంత్రమును ఎంత మందగింపజేసినది, నిర్దోషమైన ఫైళ్లను ఎన్నింటిని దోషులనినది.

విద్యార్థులారా! మీ యింటి కంప్యూటరులో తలిదండ్రుల బ్యాంకు పనులు, కుటుంబ ఛాయాచిత్రములు, మీ పాఠములు ఉండును. కావున ఒక్క యాంటీవైరస్ నే ఉంచుడు. రెండు కావలులు కలహించును. 2012లో వచ్చిన విండోస్ 8 మొదలు విండోస్‌తోనే డిఫెండర్ అను యాంటీవైరస్ వచ్చుచున్నది. వేరొకటి కొనక ముందు దాని ఫలితములను చూడుడు. క్రొత్త కూర్పును స్థాపించునపుడు ప్రతి షరతును చదువుడు. ముఖ్యమైన ఫైళ్ల ప్రతులను వేరొకచోట భద్రపరచుడు. కావలి పొరబడిన దినమున మిమ్ము కాపాడునది ఆ ప్రతియే.