ఇరవై నిమిషాల టాక్‌కి ఒక్క పేజీ చాలు

కోడ్‌లో తేడా వస్తే చూసిపెట్టడానికి ఇంజనీరుకు పక్క సీట్లోనే మరో ఇంజనీరు ఉంటారు. టెక్నికల్ రైటర్‌కి చాలా కంపెనీల్లో ఆ తోడు దొరకదు. మాదాపూర్‌లోనైనా బెంగళూరులోనైనా పెద్ద టీమ్‌కి రైటర్లు ఒకరో ఇద్దరో. రివ్యూకి పంపిన పేజీలో పారామీటర్ పేరు తప్పుంటే ఇంజనీర్లు పట్టుకుంటారు. ఈ వివరణ ఇక్కడ అడ్డొస్తోంది, ఆ హెచ్చరిక రెండు స్టెప్పుల ముందే రావాలి అని చెప్పేవాళ్లు మాత్రం అరుదు. అలా ఏళ్ల తరబడి ఒంటరిగా రాసుకుంటూ పోతే చేయి ఒకే తీరుకు అలవాటు పడిపోతుంది. ఈ వృత్తిలో టాక్‌లకు నేనింత విలువ ఇవ్వడానికి కారణం అదే. మన పనే చేసే మరొకరు తమ పేజీని తెరిచి, ఎందుకలా రాశారో చెప్పే చోటు మనకు వేరే పెద్దగా లేదు.

దశాబ్దాల పాటు ఈ వృత్తికి పెద్దదిక్కుగా ఉన్న అమెరికా సంస్థ సొసైటీ ఫర్ టెక్నికల్ కమ్యూనికేషన్ 2025 జనవరిలో ఆర్థిక ఇబ్బందులతో మూతపడింది. దానికి మన దేశంలోనూ చాప్టర్ ఉండేది. సభ్యత్వం కట్టి, సదస్సుకు వెళ్లి, సర్టిఫికెట్ తెచ్చుకునే దారి దాంతో సన్నబడింది. నేర్చుకునే ఏర్పాటు ఇక మనమే చేసుకోవాలి. అందుకు కావలసిన సరుకు మాత్రం చేతికందేంత దూరంలోనే ఉంది. 2013లో పోర్ట్‌లాండ్‌లో మొదలైన, డాక్యుమెంటేషన్ రాసేవాళ్ల రైట్ ద డాక్స్ సదస్సుల వీడియోలు యూట్యూబ్‌లో ఉచితంగా దొరుకుతాయి. గూగుల్ తన ఇంజనీర్ల కోసం తయారుచేసిన టెక్నికల్ రైటింగ్ పాఠాలూ ఉచితమే.

ఎక్కడ మొదలుపెట్టాలని అడిగితే, డానియెలే ప్రోచీదా టాక్ పేరు చెబుతాను. డాక్యుమెంట్లు నాలుగు రకాలంటారు ఆయన. కొత్తవాళ్ల చేయి పట్టి నడిపించే ట్యుటోరియల్, పని మధ్యలో ఉన్నవాళ్లకు దారి చూపే హౌ-టు గైడ్, వెతికి చూసుకునే రిఫరెన్స్, తీరిగ్గా చదువుకునే వివరణ. ఈ పద్ధతికే తర్వాత డయాటాక్సిస్ అని పేరొచ్చింది. వినగానే తల ఊపి వీడియో మూసేస్తే ఏమీ మిగలదు. వినేముందే మీ పేజీ ఒకటి తెరిచి పెట్టుకోండి. ఇన్‌స్టాలేషన్ గైడే అనుకుందాం. మూడో స్టెప్పుకీ నాలుగో స్టెప్పుకీ మధ్య ఆర్కిటెక్చర్ గురించి రెండు పేరాలు ఉన్నాయేమో చూడండి. అర్ధరాత్రి సర్వర్ ఆగిపోయి ఆ పేజీ తెరిచిన మనిషికి ఆ పేరాలు అడ్డం. డిజైన్ అర్థం చేసుకోవాలని వచ్చిన మరొకరికి అవే ప్రాణం. ఆ పేరాలను విడిగా ఒక పేజీకి తరలించి, గైడ్‌లో లింక్ ఇవ్వండి. ఆ వారంలోనే చేయండి, తర్వాతి రిలీజ్ దాకా ఆగొద్దు. అలా ఒక్క పేజీ మారితే అరగంట విన్నందుకు ఫలితం దక్కినట్టే.

2015లో రియోనా మెక్‌నమారా గూగుల్‌లో తన అనుభవం చెప్పిన టాక్ కూడా వినదగ్గది. చెల్లాచెదురుగా పడి ఉన్న డాక్యుమెంట్లను ఇంజనీర్లు కోడ్ పక్కనే, మార్క్‌డౌన్ ఫైళ్లుగా పెట్టుకునేలా చేసిన కథ అది. ఏఐ మీద ఇప్పుడు వస్తున్న టాక్‌లలో మాత్రం ఏరుకోండి. ఏఐ రాసిన పేజీని ఎలా సరిచూశారో చెప్పని టాక్ మీద సమయం పెట్టొద్దు.

వినడం కన్నా ఎక్కువ నేర్పేది మాట్లాడటం. ఇక్కడే మనవాళ్లు వెనక్కి తగ్గుతారు. తెలుగు మీడియంలో చదివి, చక్కటి ఇంగ్లిష్ రాస్తూ, నలుగురి ముందు అదే ఇంగ్లిష్ మాట్లాడాలంటే గొంతు పెగలని రైటర్లు ఎంతోమంది ఉన్నారు. వాళ్ల దగ్గర చెప్పదగ్గ విషయం ఉంది, అది బయటికి రాకపోతే నష్టం అందరిదీ. అందుకే మొదటి టాక్ మీ టీమ్‌లోనే పెట్టుకోండి. శుక్రవారం మధ్యాహ్నం ఇరవై నిమిషాలు అడిగితే ఏ మేనేజరూ సాధారణంగా కాదనరు. ముందు ఒక స్నేహితుడికో స్నేహితురాలికో తెలుగులో చెప్పి చూడండి, ఎక్కడ తడబడుతున్నారో తెలిసిపోతుంది. తర్వాత ఇంగ్లిష్‌లోకి రండి. మొత్తం బట్టీ పట్టకండి, ఒక్క మాట మరిచిపోతే అంతా కూలుతుంది. మొదటి రెండు వాక్యాలు, చివరి రెండు వాక్యాలు నోటికి వస్తే చాలు, మధ్యదంతా మీరు చేసిన పనే కదా, దానంతటదే వస్తుంది.

విషయం కోసం తడుముకోనక్కర్లేదు. మీరు మార్చిన ఒక్క పేజీ చాలు. ముందు ఎలా ఉండేది, దానితో ఇబ్బంది ఉందని ఎలా తెలిసింది, ఏం మార్చారు, ఇంకా ఏం తేలలేదు. "డాక్యుమెంటేషన్ ప్రాముఖ్యం" అని పేరు పెడితే ఎవరూ రారు. "మా ఇన్‌స్టాలేషన్ గైడ్‌లో ఏడో స్టెప్పు దగ్గర అందరూ ఎందుకు ఆగిపోయేవారు" అనండి, సపోర్ట్ టీమ్ కూడా వచ్చి కూర్చుంటుంది. స్లైడ్ మీద పేజీ మొత్తం పెట్టొద్దు, వెనక వరుసకు కనిపించదు. మారిన నాలుగు లైన్లు పెద్ద అక్షరాల్లో చూపండి. బయట మాట్లాడే రోజు వస్తే కస్టమర్ పేర్లు తీసేసి, కంపెనీ అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. సదస్సుకు ప్రతిపాదన పంపేటప్పుడు ఇది ఎవరి కోసం, విన్నాక వాళ్లు ఏం చేయగలుగుతారు అనే రెండింటికీ సూటిగా జవాబు రాయండి. జంకుగా ఉంటే ఐదు నిమిషాల లైట్నింగ్ టాక్‌తో మొదలుపెట్టండి.

నేర్చుకున్నది కంపెనీకి చూపాల్సి వచ్చినప్పుడు, అప్రైజల్ ఫారంలో "సదస్సుకు హాజరయ్యాను" అని రాస్తే ఎవరికీ ఏమీ తెలియదు. పేజీ మార్చే ముందు ఆ విషయం మీద నెలకు ఎన్ని సపోర్ట్ టికెట్లు వస్తున్నాయో లెక్క తీసి పెట్టుకోండి. మార్చిన మూడు నెలలకు మళ్లీ తీయండి. తగ్గితే ఆ రెండు అంకెలూ, పేజీ లింకూ ఫారంలో పెట్టండి. తగ్గకపోతే ఆ టికెట్లు తెరిచి, జనం ఏ మాటలతో అడుగుతున్నారో చదవండి. మీరు పెట్టిన శీర్షికలో ఆ మాటలు ఉన్నాయో లేవో అక్కడే తేలుతుంది, తర్వాతి టాక్‌కి విషయమూ అక్కడే దొరుకుతుంది.