ఒకే చేను, రెండు కూలి రేట్లు
మా అనంతపురం వైపు శెనక్కాయ చేలో అమ్మకు ఒక కూలి, అదే చేలో నాన్నకు ఇంకో కూలి. చిన్నప్పటి నుంచీ చూస్తున్నా. ఎందుకిలా?

కారణాలు మూడు. ఒకటి, పనుల విభజన. కలుపు ఆడవాళ్లది, మందు కొట్టడం మగవాళ్లది. "పని వేరు కదా" అనేస్తే 1976 సమాన వేతన చట్టం గట్టు మీదే ఆగిపోయేది. రెండు, యంత్రం. ట్రాక్టర్ తోలేవాడికి గిరాకీ పెరిగింది, కాయలు ఒలిచే అమ్మకు పనిరోజులు తగ్గాయి. మూడు, వేరే పని దొరకడం. 2006 ఫిబ్రవరి 2న మా జిల్లా బండ్లపల్లిలో మొదలైన ఉపాధి హామీలో ఆడామగా అందరికీ ఒకటే రేటు. ఆ పని ఉన్న రోజుల్లోనే అమ్మ రైతుతో బేరమాడగలిగింది.

అంటే తేడా కండబలంలో మాత్రమే లేదు. ఫ్రెండ్స్, రేపు మనం డిజైన్ చేసే మిషన్ స్టీరింగ్ అమ్మ చేతికీ అందాలి కదా!