ఎండార్ఫిన్ అంటే ఒక్కటేనా?

ప్రశ్న: మెదడులోనూ పిట్యూటరీలోనూ తయారయ్యే ఎండార్ఫిన్ ఒకటేనా?

జవాబు: పుట్టుక ఒకటే, రూపాలు వేరు. రెండుచోట్లా ముందు తయారయ్యేది ప్రొఓపియోమెలనోకార్టిన్ అనే పెద్ద ప్రోటీన్. ఎంజైములు దాన్ని ముక్కలు చేస్తే 31 ఎమైనో ఆమ్లాల బీటా ఎండార్ఫిన్ వస్తుంది. 1976లో సి.హెచ్.లీ బృందం దీన్ని ఒంటె పిట్యూటరీ నుంచి వేరుచేసింది.

అసలు సంగతి ఆ తర్వాతి కత్తిరింపుల్లో ఉంది. నొప్పి తగ్గించే గుణానికి గొలుసు మొదట్లోని టైరోసిన్ కీలకం. ఎలుకల వంటి జంతువుల పిట్యూటరీ మధ్య తమ్మెలో దానికే ఎసిటైల్ సమూహం అతుక్కుంటుంది. దాంతో ఓపియాయిడ్ గ్రాహకాన్ని పట్టుకునే శక్తి దాదాపు పోతుంది. చివరి నాలుగైదు ఎమైనో ఆమ్లాలు కూడా తెగి, 27, 26 ఆమ్లాల రూపాలు మిగులుతాయి. శ్రమపడి తయారుచేసిన మందును శరీరమే నిర్వీర్యం చేయడం విచిత్రమే! మెదడులోని హైపోథాలమస్‌లో మాత్రం చురుకైన 31 ఆమ్లాల రూపమే ఎక్కువ. పిట్యూటరీ ముందు తమ్మెలో దానితోపాటు, అదే పెద్ద ప్రోటీన్ నుంచి వచ్చే మరో ముక్క బీటా లైపోట్రోపిన్ కూడా బాగానే ఉంటుంది.

పెద్దవాళ్లలో మధ్య తమ్మె నామమాత్రమే కాబట్టి, ఎలుక లెక్కలను యథాతథంగా మనకు అన్వయించకండి. పిట్యూటరీ నుంచి రక్తంలో చేరిన ఎండార్ఫిన్ మెదడులోకి సులువుగా వెళ్లలేదు కూడా. రక్తపరీక్షలో అది పెరిగిందని మెదడులోనూ పెరిగిందనుకోవడానికి లేదు.