పెంటకుప్పకు పూర్వపు విలువ తెచ్చుట – పంచాయతీల కర్తవ్యము

పూర్వము మన గ్రామములలో పారవేయదగిన వస్తువు ఇంటిలో దాదాపు ఉండెడిది కాదు. ఊడ్చిన కసవు, పొయ్యిలోని బూడిద, కొట్టములోని పేడ, పశువులు తినగా మిగిలిన గడ్డి, కూరగాయల తొక్కలు – ఇవన్నియు పెంటకుప్పకు చేరెడివి. వేసవిలో రైతు ఆ పెంటను బండ్లకెత్తి పొలమునకు తోలెడివాడు. భూమి నుండి వచ్చినది తిరిగి భూమికే చేరెడిది.

నేడు అదే కుప్పలో నూనె ప్యాకెట్లు, షాంపూ పొట్లములు, గాజు పెంకులు, బ్లేడులు, వాడిన సూదులు, బ్యాటరీలు కలియుచున్నవి. అట్టి పెంటను పొలమునకు తోలుటకు ఏ రైతు ఇష్టపడును? గాజు పెంకు కూలివాని కాలిలో గుచ్చుకొనును. ప్లాస్టిక్ సంచి మట్టిలో నీటిని సరిగా ఇంకనీయదు. కూడు వాసనకు ఆ సంచిని మ్రింగిన ఆవు కడుపు ఉబ్బి బాధపడును. ఎరువు కావలసినది ఊరి బయట దిబ్బయై ఈగలను పెంచుచుండ, రైతు ఎరువు బస్తాలకై అప్పు చేయవలసి వచ్చును. ఈ నష్టమును పంచాయతీ సభ్యులు ముందుగా గుర్తింపవలెను.

గుమ్మముననే వేరు చేయుట

దీనికి మందు ఒక్కటే. చెత్తను అది పుట్టిన చోటనే వేరు చేయవలెను. పప్పు, పులుసు అంటిన కాగితమును చిత్తు కాగితముల వర్తకుడు కొనడు. బ్లేడు ముక్కలు కలిసిన తొక్కలు ఎరువునకు పనికిరావు. ఒకసారి కలిసినదానిని షెడ్డు వద్ద విడదీయుట కష్టము, ఖర్చు. ఆ పని చేయు కార్మికునకు అపాయము కూడ.

ప్రతి ఇంట రెండు బుట్టలుండవలెను. కుళ్ళునది ఒకదానిలోను, కాగితము, అట్ట, సీసా, డబ్బా, ప్లాస్టిక్ వంటి పొడి చెత్త రెండవదానిలోను వేయవలెను. సూదులు, బ్లేడులు, బ్యాటరీలు, పగిలిన బల్బులు, కాలము తీరిన మందులు ప్రత్యేకముగా ఒక డబ్బాలో దాచి కార్మికునకు చెప్పి ఇయ్యవలెను. పురుగుమందు ఖాళీ డబ్బాను మూడుసార్లు కడిగి, ఆ నీటిని పిచికారీ ట్యాంకులోనే పోసి, మరల ఎవరును వాడకుండ డబ్బాకు రంధ్రములు చేయవలెను.

ఎరువు గుంట

తడి చెత్తను ఎరువుగా మార్చుటకు మన దేశమున రెండు ప్రసిద్ధ పద్ధతులు కలవు. ఆల్బర్ట్ హోవర్డ్ ఇందూరులో 1924 నుండి 1931 వరకు పరిశోధన చేసి రూపొందించినది ఇందూరు పద్ధతి. 1939లో సి. ఎన్. ఆచార్య రూపొందించినది బెంగుళూరు పద్ధతి.

ఇందూరు పద్ధతిలో గుంట 3 అడుగుల లోతునకు మించరాదు. చెత్తను అరఅడుగు మందమున పరచి, దానిపై పేడనీరు, కొలది బూడిద, మట్టి చల్లి, మరల చెత్త పరచవలెను. పిడికిట పిండినచో చేయి తడియగునంత తేమ ఉన్న చాలును, నీరు కారరాదు. రెండు వారములకు ఒకసారి, మరి రెండు వారములకు రెండవసారి, రెండు నెలలకు మూడవసారి తిరుగవేయవలెను. కుప్ప లోపలి వేడికి కలుపు విత్తనములును, రోగక్రిములును చాల వరకు నశించును. మూడు నాలుగు నెలలలో ఎరువు సిద్ధమగును. బెంగుళూరు పద్ధతిలో గుంటను నింపి పైన బురదతో మెత్తుదురు. తిరుగవేయు శ్రమ లేదు గాని ఆరు నుండి ఎనిమిది నెలలు పట్టును. వానకాలమున గుంటలో నీరు నిలుచును గావున నేలపైననే కుప్ప వేయుట మంచిది.

ఒక లెక్క చూడుడు. 500 ఇండ్ల గ్రామమున ఇంటికి రోజుకు అరకిలో తడి చెత్త అనుకొన్నచో రోజునకు 250 కిలోలు, సంవత్సరమునకు 91 టన్నులకు పైగా అగును. కుళ్ళి ఎండిన పిదప మూడవ వంతు మిగిలినను 30 టన్నుల ఎరువు! ఇది గ్రామపు సొమ్ము.

దుకాణములు, శుభకార్యములు

ఇండ్లను మాత్రమే సరిదిద్దిన చాలదు. టీ అంగడి గ్లాసులు, సంతలోని కుళ్ళిన కూరలు, కోడిమాంసపు దుకాణపు వ్యర్థములు, పెండ్లి పందిరి వెనుక విస్తళ్ళు ఒక్క దినముననే ఊరంతటి చెత్తకు సమానము కావచ్చును. ఆయా యజమానులను పిలిచి మాటాడవలెను. పంచాయతీయే స్టీలు పళ్ళెములు, గ్లాసులు కొని స్వల్పపు అద్దెకు ఇచ్చినచో పెండ్లివారికి ఖర్చు తగ్గును, ఊరికి చెత్త తగ్గును. మోదుగ విస్తరి తిన్న పిదప గుంటకే పోవును.

చట్టము సభ్యులకు అండగా నున్నది. ప్లాస్టిక్ వ్యర్థములను గూర్చిన 2016 నిబంధనలు గ్రామములకును వర్తించునట్లు చేయబడినవి. ఒక్కసారి వాడి పారవేయు ప్లాస్టిక్ చెంచాలు, గ్లాసులు, పళ్ళెములు మొదలైనవి 2022 జూలై 1 నుండి నిషిద్ధములు. 120 మైక్రానులకన్న పలచని చేతి సంచులు అదే సంవత్సరము డిసెంబరు 31 నుండి నిషిద్ధములైనవి.

తగులబెట్టరాదు

చెత్తకు నిప్పు పెట్టుట సులభమని కొందరి తలంపు. ప్లాస్టిక్ పొగలో విషవాయువులుండును. అవి మొదట పసిపిల్లల, వృద్ధుల ఊపిరితిత్తులకు హాని చేయును. దిబ్బ చిన్నదగును గాని విషము గాలిలోను బూడిదలోను మిగిలియే యుండును.

సభ్యులు చేయవలసినది

ముందుగా సభ్యుల ఇండ్లలో రెండు బుట్టలు పెట్టవలెను. తరువాత ఒక వీధిని ఎన్నుకొని, మహిళా సంఘముల తోడ్పాటుతో నెలదినములు నడిపి చూడవలెను. కలిపిన చెత్తను తీసికొననని కార్మికుడు చెప్పినపుడు సభ్యుడు అతని ప్రక్కన నిలువవలెను. అతనికి చేతి తొడుగులు, బూట్లు, వేళకు జీతము ఇయ్యవలెను. పొడి చెత్త అమ్మిన సొమ్మును, ఎరువు అమ్మిన సొమ్మును గ్రామసభలో చదివి వినిపింపవలెను.

షెడ్డు కట్టుట, బండి కొనుట నిధులతో జరుగును. బుట్టలో వేయు చేయి మారుట మాత్రము సభ్యుల నడవడితోనే జరుగును. ఊరి రైతు వచ్చి “ఈ యెరువు నా పొలమునకిండు” అని అడిగిన నాడు ఆ పంచాయతీ తన పని నెరవేర్చినట్లు.