చేయి - మాట పుట్టుక, వాడుక

కొత్తవాడలో ఉంటూ 'చేనేత' అనే మాట విననివారు ఉండరు. మగ్గం చప్పుడు మనకు కొత్త కాదు. వరంగల్ దర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అయితే చేనేతలో 'చే' అంటే ఏమిటని అడిగితే మాలో చాలామందిమి 'చేయడం' అన్నాం. అది సరికాదు. చే అంటే చేయి. చేతితో నేసేది చేనేత.

పుట్టుక: హస్తం, కరం సంస్కృత పదాలు. చేయి అచ్చ తెలుగు మాట. దీని తోబుట్టువులు తమిళంలో 'కై', కన్నడంలో 'కై', గోండిలో 'కయ్', కొలామీలో 'కెయ్'. వారికి 'క' ఉంటే మనకు 'చ' ఎందుకు వచ్చింది? ఇ, ఎ అచ్చులకు ముందున్న 'క' తెలుగులో చాలా మాటల్లో 'చ'గా మారింది. 'కయ్' మొదట 'కెయ్' అయి, తర్వాత 'చెయ్' అయింది. కన్నడ 'కివి' మన 'చెవి', కన్నడ 'కెడు' మన 'చెడు' కావడం కూడా ఇదే సూత్రం.

మరి చేయి, చేయు ఒకటేనా? కాదు. తమిళంలో చేయి 'కై', చేయు 'సెయ్'. అక్కడ తేడా స్పష్టంగా తెలుస్తుంది.

వాడుక:
1. సమాసాలలో: చేనేత, చేవ్రాలు (సంతకం), చేబదులు, చేసంచి, చేయూత.
2. విభక్తిలో: 'రామునిచేత' అన్నప్పటి 'చేత' కూడా ఈ చేయి నుండి వచ్చిందే. ఒకరి చేతిలో జరిగిన పని వారిచేత జరిగిన పని.
3. జాతీయాలలో: చేయి తిరిగినవాడు నేర్పరి. చేయి చాచడం అడుక్కోవడం. చేయి చేసుకోవడం కొట్టడం. చేతివాటం దొంగబుద్ధి.

ఇక అసలు సంగతి. మనలో చాలామంది ఇండ్లలో 'షెయ్యి' అంటారు. తరగతిలో ఆ మాట అన్నందుకు అందరూ నవ్వితే, తర్వాత చాలా రోజులు నోరు విప్పనివాళ్ళం మాలోనూ ఉన్నాం. 'క' 'చ'గా మారితే తప్పు కానప్పుడు, 'చ' 'ష'గా పలికితే మాత్రం తప్పెట్లా అవుతుంది? చెవిని తమిళులు 'సెవి' అనే పలుకుతారు. పరీక్షలో 'చేయి' అని రాద్దాం. అమ్మతో 'షెయ్యి' అనడానికి సిగ్గుపడవద్దు.

భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వంలో 1971లో వచ్చిన మాండలిక వృత్తి పదకోశం రెండవ సంపుటం పూర్తిగా చేనేత పదాలదే. పండితులు నేతగాళ్ళ నోట విని రాసుకున్న మాటలు తక్కువవి ఎలా అవుతాయి?

తమ్ముళ్ళారా! సెలవులకు ఇంటికి పోయినప్పుడు పెద్దల నోట ఇలాంటి మాటలు పది విని రాసుకొని రండి. వచ్చే సంచికలో అందరం కలిసి వేద్దాం.