దూర విమానయానము – దేహజలము

తార్నాక, ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంతముల నుండి అమెరికాకు వెళ్ళు విద్యార్థులు, వారిని చూడబోవు తల్లిదండ్రులు 20 గంటలకు పైగా ప్రయాణింతురు. విమానమందలి గాలిలో తేమ సాధారణముగా 20 శాతము లోపే. ఆ రూక్షతచే ముక్కు, గొంతు ఎండును. ఆయుర్వేద రీత్యా ఇది వాతలక్షణము. నాసికాపుటములకు చుక్క నువ్వులనూనె రాసికొనుట మేలు.

కదలక కూర్చొన్నచో దేహజలము పాదములకు దిగి వాపు కలుగును. 4 గంటలు మించిన ప్రయాణమున సిరలలో రక్తము గడ్డకట్టు అవకాశము, స్వల్పమే అయినను, సుమారు రెట్టింపగునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో తెలిపినది. కావున తరచు లేచి నడువవలెను, కూర్చున్నచోటనే మడమలు ఎత్తి దించవలెను, కొద్దికొద్దిగా నీరు త్రాగవలెను, మద్యము మానవలెను.

రెండు పాదముల వాపు సాధారణముగా విశ్రాంతితో తగ్గును. ఒక పిక్క మాత్రమే వాచి నొప్పించినచో తైలమర్దనము చేయరాదు; వెంటనే వైద్యుని చూడవలెను. ఆయాసము తోడైనచో క్షణమైనను ఆగరాదు.